జైల్లో ఎవరున్నారో లెక్కుంది, ఎవరికెంత శిక్ష వేశారో లెక్క లేదు: జుగ్సలాయి నుంచి చూస్తే

టాటానగర్ రైల్వే స్టేషన్‌ను ఆనుకున్నంత దగ్గరలో ఉంటుంది జుగ్సలాయి. జంషెడ్‌పూర్ కలిసిపోయిన ఊరే అయినా దీనికి సొంత నగర పరిషత్ ఉంది. మార్వాడీ దుకాణాలు, ముస్లిం బస్తీలు, బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు, రైల్వే పనికో ఉక్కు కర్మాగారం పనికో వచ్చి తరాల కిందటే జంషెడ్‌పూర్‌లో పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు. నగరం దాటి కొద్ది దూరం వెళితే హో, సంథాల్ గ్రామాలు. జుగ్సలాయి అసెంబ్లీ స్థానం ఎస్సీలకు రిజర్వ్ అయింది. ఇన్ని రకాల మనుషులున్న చోట కోర్టు తీర్పు వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వినిపిస్తుంది: ‘మనవాడు కాకపోయి ఉంటే ఇదే తీర్పు వచ్చేదా?’

అమెరికాలో, బ్రిటన్‌లో ఈ ప్రశ్నను జాతి వివక్ష పేరుతో అడుగుతారు. మన దగ్గర అదే ప్రశ్న కులం, తెగ, మతం, భాష పేర్లతో వస్తుంది. దీనికి జవాబు చెప్పడానికి మన దగ్గర ఏ సమాచారం ఉంది, ఏది లేదు అన్నది ఈ వ్యాసం.

ఒకే రోజు, ఒకే పుకారు

2017 మే 18. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని జంషెడ్‌పూర్ చుట్టుపక్కల వాట్సాప్‌లో పుకార్లు నడుస్తున్న రోజులు. ఆ రోజు బాగ్‌బేడా ప్రాంతంలోని నాగాడీహ్ గ్రామంలో గుంపు దాడి చేసి ముగ్గురు యువకులను చంపింది. వారిలో ఇద్దరు జుగ్సలాయి కుటుంబానికి చెందిన అన్నదమ్ములు. వాళ్లతో ఉన్న నాయనమ్మ గాయాలతో ఆస్పత్రిలో చేరి, కొన్ని వారాలకు కన్నుమూసింది. అదే రోజు పొరుగున ఉన్న సరాయికేలా-ఖర్సావాన్ జిల్లా శోభాపూర్‌లో అదే పుకారుతో పశువుల వ్యాపారంతో సంబంధమున్న నలుగురు ముస్లింలను చంపారు.

పుకారు ఒకటే, రోజు ఒకటే. కానీ ఆ తర్వాత జరిగిన చర్చ ఒకటి కాదు. ఒకచోట చనిపోయింది హిందువులు, మరోచోట ముస్లింలు. నాగాడీహ్ కేసు నిందితుల్లో ఆదివాసీలు ఉన్నారు. ఏ కేసులో పోలీసులు ఎంత వేగంగా కదిలారు, ఎవరి కుటుంబాన్ని ఏ నాయకుడు పరామర్శించాడు, ఏ కేసు ఎన్నేళ్లు సాగింది అన్న పోలికలు మొదలయ్యాయి. న్యాయం మీద నమ్మకం చాలాసార్లు తీర్పు కాగితం చదవడంతో ఏర్పడదు. ఇలాంటి పోలికలతోనే ఏర్పడుతుంది. వాటిని తోసిపుచ్చడం తేలిక. వాటికి లెక్కలతో జవాబు చెప్పడం మాత్రం ఈ దేశంలో ఇప్పటికీ సాధ్యం కావడం లేదు.

‘జాతి’ అన్న మాట మన చట్టంలో ఎక్కడుంది?

రాజ్యాంగం 15వ అధికరణంలో మతం, కులం, లింగం, పుట్టిన ప్రదేశంతో పాటు జాతి కూడా ఉంది. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్‌లోకి ఆ మాట 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితతో స్పష్టంగా వచ్చింది. దాని 103(2) సెక్షన్ ప్రకారం అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది కలిసి జాతి, కులం లేదా సముదాయం, లింగం, పుట్టిన ప్రదేశం, భాష, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణంతో హత్య చేస్తే, అందులో ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం పడుతుంది.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. మతం అన్న పదం ఈ జాబితాలో నేరుగా లేదు. దాన్ని ‘సముదాయం’ కిందో ‘వ్యక్తిగత విశ్వాసం’ కిందో వాదించుకోవాలి. రెండోది, నాగాడీహ్ లాంటి ఘటన ఇప్పుడు జరిగితే, చనిపోయినవారి గుర్తింపే దాడికి కారణమని రుజువు చేస్తే తప్ప ఈ సెక్షన్ కిందికి రాదు. ‘పిల్లల దొంగలు’ అన్న అనుమానం ఒక్కటే ఉంటే అది మామూలు హత్య కేసే. జార్ఖండ్ అసెంబ్లీ 2021 డిసెంబరులో మూకదాడుల నిరోధానికి సొంత బిల్లు ఆమోదించింది. 2022 మార్చిలో గవర్నర్ దాన్ని వెనక్కి పంపారు.

జాతి ద్వేషం, శిక్ష అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది కాన్సస్‌లో జరిగిన హత్య. 2017 ఫిబ్రవరి 22న ఓలేత్‌లోని ఒక బార్‌లో హైదరాబాద్ ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపారు. హంతకుడికి 2018 మేలో రాష్ట్ర కోర్టు, 50 ఏళ్ల దాకా పెరోల్ లేని యావజ్జీవం విధించింది. ఆ ఆగస్టులో ఫెడరల్ కోర్టు, విద్వేష నేరం కింద మళ్లీ యావజ్జీవ శిక్షలు వేసింది. హత్యకు శిక్ష ఎలాగూ పడింది. ‘ఇది జాతి ద్వేషంతో చేసిన హత్య’ అని కోర్టు విడిగా నమోదు చేయడం ఆ రెండో కేసు సాధించింది.

జైలు లెక్కలు చెప్పేది, చెప్పనిది

జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ ఏటా జైళ్ల మీద నివేదిక ఇస్తుంది. 2022 నివేదిక ప్రకారం దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది, అంటే 75.8 శాతం విచారణ ఖైదీలే. దోషులో కాదో ఇంకా తేలనివాళ్లు.

ఈ విచారణ ఖైదీల్లో ఎస్సీలు దాదాపు 21 శాతం. 2011 జనాభా లెక్కల్లో వారి వాటా 16.6 శాతం. ఎస్టీలు తొమ్మిది శాతం పైచిలుకు, జనాభాలో 8.6 శాతం. ముస్లింలు అయిదో వంతుకు అటూ ఇటుగా, జనాభాలో 14.2 శాతం. ఆదివాసీల తేడా దేశం మొత్తం మీద చిన్నదిగా కనిపిస్తుంది గానీ, జనాభాలో 26 శాతం ఎస్టీలున్న జార్ఖండ్ లాంటి రాష్ట్రాన్ని దేశ సగటుతో కొలవలేం.

ఈ అంకెలు చూపించి ‘కోర్టులు వివక్ష చూపుతున్నాయి’ అనడం తొందరపాటు. పేదరికం, వయసు, ఏ బస్తీలో పోలీసులు ఎక్కువ తిరుగుతారు, ఏ అడవి చట్టం కింద ఎవరిని పట్టుకుంటారు అన్నవన్నీ ఇందులో కలిసి ఉంటాయి. ‘వివక్ష లేదు’ అనడానికీ ఈ అంకెలు పనికిరావు. ఎందుకంటే అసలు కావాల్సిన పట్టిక ఆ నివేదికలో లేదు. ఒకే సెక్షన్, ఒకే తీవ్రత ఉన్న నేరానికి, ఒకే రకం పాత చరిత్ర ఉన్న ఇద్దరికి, కులం లేదా మతం వేరైనప్పుడు శిక్ష ఎంత పడింది? ఖైదీల కులం ఒక పట్టికలో, నేరాలు ఇంకో పట్టికలో, శిక్షాకాలం మరో పట్టికలో ఉంటాయి. మూడింటినీ కలిపి చూసే వీలు లేదు.

ఉరిశిక్షల విషయంలో ఆ పని ఒక విశ్వవిద్యాలయం చేయాల్సి వచ్చింది. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం పరిశోధకులు మరణశిక్ష పడిన 373 మంది ఖైదీల, వారి కుటుంబాల వివరాలు సేకరించి 2016లో నివేదిక ఇచ్చారు. వారిలో 76 శాతం వెనుకబడిన వర్గాలు, మత మైనారిటీల వాళ్లు. మూడొంతులకు దగ్గరగా ఆర్థికంగా బలహీనులు. ఇది కూడా ‘ఎవరు’ అన్నదే చెబుతుంది, ‘ఎందుకు’ అన్నది కాదు. అయినా దేశంలో ఈ స్థాయి లెక్క అంతకు ముందు లేదు.

శిక్షకు ముందే పడే శిక్ష

నా అంచనాలో న్యాయం మీద నమ్మకం పోయే చోటు తీర్పు రోజు కాదు, బెయిల్ రోజు.

1978లో మోతీరామ్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తాపీమేస్త్రీకి బెయిల్ ఇవ్వమని చెబితే, కింది మేజిస్ట్రేట్ 10,000 రూపాయల ష్యూరిటీ అడిగాడు. సోదరుడు జామీను ఉంటానంటే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని తిరస్కరించాడు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పులో అడిగిన ప్రశ్న జుగ్సలాయి తెలుగువాళ్లకు నేరుగా తగులుతుంది. ఒక మలయాళీయో కన్నడిగుడో తమిళుడో ఆంధ్రుడో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో అరెస్టయితే, అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కడి నుంచి తెస్తాడు అన్నది దాని సారాంశం. శ్రీకాకుళంలో అరెకరం ఉన్నవాడు జంషెడ్‌పూర్ కోర్టులో ఏం చూపిస్తాడు? స్థానికంగా ఆస్తి ఉన్నవాళ్లు ఎవరో, లేనివాళ్లు ఎవరో ఈ ఊళ్లో అందరికీ తెలుసు.

అంతకు ముందు, ఆ తర్వాత కూడా ఇదే కథ. 1979 హుస్సేనారా ఖాతూన్ కేసులో బిహార్ జైళ్లలో, అప్పుడు జార్ఖండ్ కూడా బిహార్‌లోదే, నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే గడిపినవారున్నారని బయటపడింది. సత్వర విచారణ ప్రాథమిక హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది. 2022 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవ సభలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము, జార్ఖండ్ గవర్నర్‌గా ఆరేళ్లు పనిచేసిన సంథాల్ మహిళ, న్యాయమూర్తుల ఎదుటే చిన్న చిన్న కేసుల్లో జైళ్లలో మగ్గిపోతున్న పేదల గురించి మాట్లాడారు. ఆ తర్వాత లెక్కలు తీస్తే, బెయిల్ వచ్చి కూడా షరతులు తీర్చలేక జైల్లోనే ఉన్నవారు 5,029 మంది తేలారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు, ఇలాంటి కేసుల్లో స్థానిక ష్యూరిటీ షరతు పెట్టకుండా ఉంటే మంచిదని సూచించింది. కృష్ణయ్యర్ అదే మాట చెప్పి అప్పటికి 45 ఏళ్లు.

భాష సంగతి మరొకటి. నిందితుడికి అర్థం కాని భాషలో సాక్ష్యం నమోదైతే అతనికి తెలిసిన భాషలో వివరించాలని పాత సీఆర్‌పీసీ 279వ సెక్షన్ చెప్పింది. కొత్త చట్టంలోనూ ఆ నియమం కొనసాగింది. కానీ హో మాట్లాడే వ్యక్తి కేసు ఎలా నడుస్తుందో ఊహించండి. ఊళ్లో హో, పోలీసు స్టేషన్‌లో హిందీ, హైకోర్టుకు వెళితే ఇంగ్లిష్. 2003 రాజ్యాంగ సవరణతో సంథాలీకి ఎనిమిదో షెడ్యూల్లో చోటు దక్కింది. హో భాషకు అదీ లేదు. తన మీద ఏం రాశారో తెలియని మనిషికి తీర్పు సరైనదే అని ఎవరు చెప్పినా నమ్మకం కలగదు.

రాంచీలో ‘బగైచా’ సంస్థతో పనిచేసిన ఫాదర్ స్టాన్ స్వామి జార్ఖండ్ ఆదివాసీ విచారణ ఖైదీల మీద అధ్యయనం చేసి, హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా వేశారు. 2020 అక్టోబరులో భీమా కోరేగావ్ కేసులో అరెస్టయి, 2021 జులై 5న 84 ఏళ్ల వయసులో తానే విచారణ ఖైదీగా ముంబయి ఆస్పత్రిలో చనిపోయారు.

జడ్జి చేతిలోని కొలత

ఖర్కాయీ నది దాటితే సరాయికేలా-ఖర్సావాన్ జిల్లా. 2019 జూన్ 17 రాత్రి ఆ జిల్లాలోని ధాత్‌కీడీహ్‌లో తబ్రేజ్ అన్సారీ అనే యువకుణ్ని దొంగతనం అనుమానంతో కట్టేసి కొట్టారు. మతపరమైన నినాదాలు పలకమన్న వీడియో దేశమంతా చూసింది. పోలీసులు అతన్నే దొంగతనం కేసులో అరెస్టు చేసి జైలుకు పంపారు. జూన్ 22న చనిపోయాడు.

శిక్ష ఎక్కడ నిర్ణయమవుతుందో తెలియాలంటే ఈ కేసులో సెక్షన్లు మారిన తీరు చూడాలి. మొదట హత్య కింద, అంటే ఐపీసీ 302 కింద కేసు. పోస్ట్‌మార్టంలో గుండె ఆగి చనిపోయినట్టు ఉందంటూ పోలీసులు దాన్ని 304గా మార్చారు. విమర్శలు రావడంతో, మరోసారి వైద్యుల అభిప్రాయం తీసుకుని 2019 సెప్టెంబరులో మళ్లీ 302 పెట్టారు. 2023 జూన్ 27న కోర్టు పది మందిని 304 మొదటి భాగం కింద దోషులుగా తేల్చింది. ఇద్దరిని విడిచిపెట్టింది. ఒక నిందితుడు విచారణ మధ్యలోనే చనిపోయాడు. జులై 5న ఒక్కొక్కరికి పదేళ్ల కఠిన కారాగార శిక్ష వేసింది.

302 అయితే జడ్జికి యావజ్జీవం కంటే తక్కువ వేసే వీలు లేదు. 304 మొదటి భాగంలో యావజ్జీవమైనా వేయవచ్చు, పదేళ్ల లోపు ఎంతైనా వేయవచ్చు. ఒక అంకె మారితే జీవితాంతం అన్నది పదేళ్లయింది. ఆ అంకెను మొదట రాసేది పోలీసు, తేల్చేది కోర్టు. ఇచ్చిన పదేళ్లు ఆ సెక్షన్‌లో తక్కువ శిక్షేమీ కాదన్నదీ నిజమే. అయినా చనిపోయినవాడి వైపు వాళ్లకు ‘హత్య కాదన్నారు’ అన్నదే మిగులుతుంది.

మన చట్టాల్లో చాలా సెక్షన్లు ఇలా ‘అంతవరకు’ అని గరిష్ఠం చెప్పి ఊరుకుంటాయి. గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య ఎక్కడ ఆగాలన్నది జడ్జి విచక్షణ. శిక్ష వేసే ముందు దోషి మాట విడిగా వినాలని సీఆర్‌పీసీ 235(2) చెప్పినా, చాలాచోట్ల అది ఒకటి రెండు వాక్యాల తంతు. ‘నా మీద ఆధారపడిన పిల్లలున్నారు’ అని దోషి అంటాడు, ‘నేరం తీవ్రమైనది’ అని ప్రభుత్వ న్యాయవాది అంటాడు. మార్గదర్శకాలు కావాలని మలిమత్ కమిటీ 2003లోనే సిఫారసు చేసింది. 2024 మే నెలలో సునీతా దేవి కేసులో సుప్రీంకోర్టు, సమగ్ర శిక్షా విధానం గురించి ఆలోచించమని కేంద్రానికి మళ్లీ చెప్పింది.

మన తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు పెద్ద గుర్తు చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఘటన జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. తీర్పు కోసం 16 ఏళ్లు, ఆ తీర్పు కొట్టేయడానికి మరో ఏడేళ్లు. దానిపై సుప్రీంకోర్టులో అప్పీళ్లు వేశారు. సాక్ష్యాల్లో లోపాలున్నాయన్నది హైకోర్టు కారణం. దళితవాడలో ఆ కారణం ఎలా వినిపించిందో వేరే చెప్పక్కర్లేదు.

మరో ఆంధ్రప్రదేశ్ కేసు ఇంకా చిక్కైనది. చూపులేని దళిత యువతిపై అత్యాచారం జరిగిన పటాన్ జమాల్ వలీ కేసులో 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు యావజ్జీవాన్ని సమర్థించింది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల చట్టం కింద వేసిన శిక్షను మాత్రం రద్దు చేసింది. ఆమె కులం కారణంగానే నేరం జరిగిందని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదన్నది కారణం. అదే తీర్పులో, ఆడది, దళితురాలు, అంధురాలు అన్న మూడూ విడివిడిగా కాదు, కలిసి ఆమెను బలహీనం చేశాయని కోర్టు విస్తారంగా రాసింది. అంటే కులం పాత్రను గుర్తించింది, చట్టం అడిగే రుజువు మాత్రం దొరకలేదంది. నేరం జరిగిన 2011 తర్వాత, 2016లో అమల్లోకి వచ్చిన సవరణతో ఆ నిబంధన మారింది. ఇప్పుడు బాధితురాలి కులం తెలిసి నేరం చేస్తే చాలు.

లెక్కలున్న చోట ఏం జరిగింది?

అమెరికాలో జార్జియా రాష్ట్రం కేసుల్ని విశ్లేషించి, చనిపోయినది తెల్లవారైతే నిందితుడికి మరణశిక్ష పడే అవకాశం 4.3 రెట్లు ఎక్కువని ఒక అధ్యయనం తేల్చింది. 1987లో మెక్‌క్లెస్కీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో, మొత్తం ధోరణి కాదు, ఈ నిందితుడి విషయంలో వివక్ష చూపండి అంది. నాలుగేళ్లకు అతన్ని ఉరితీయలేదు, విద్యుత్ కుర్చీలో చంపారు. బ్రిటన్‌లో 2017 లామీ సమీక్ష, మాదకద్రవ్యాల నేరాల్లో నల్లజాతి, ఆసియా, ఇతర మైనారిటీ వాళ్లకు జైలు పడే అవకాశం తెల్లవారి కంటే 240 శాతం ఎక్కువని చూపింది. లెక్క ఉంటే న్యాయం జరిగిపోతుందని కాదు. లెక్క ఉంటే కనీసం వాదన మొదలవుతుంది.

కులం గడి: తీసేయాలా, ఉంచాలా?

2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులం ప్రకారం పనులు పంచే నిబంధనలను కొట్టేసింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ 1979 నిబంధనలు కూడా ఉన్నాయి. 1871 నేరస్థ తెగల చట్టాన్ని 1952లో రద్దు చేసినా, ‘సంచార లేదా నేరస్థ తెగ’ అన్న భావన జైలు పుస్తకాల్లో మిగిలే ఉంది. స్టువర్ట్‌పురం ఎరుకల కుటుంబాలకు ఆ ముద్ర ఎంత కాలం వెంటాడిందో తెలుగు పాఠకులకు కొత్త కాదు. జైలు రిజిస్టర్లలో కులం గడినే తీసేయాలని కోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం ఎన్‌సీఆర్‌బీ గణాంకాల సేకరణకు అడ్డు కాదని తర్వాత స్పష్టం చేసింది. ఆ స్పష్టీకరణ అవసరమైనదే. వార్డెన్‌కు ఖైదీ కులం తెలియకూడదు, గణాంకాల శాఖకు తెలియాలి. అయితే విముక్త జాతుల ఖైదీలెందరో ఎన్‌సీఆర్‌బీ విడిగా లెక్కించడం లేదు.

విచారణ ఖైదీ కుటుంబం ఏం అడగవచ్చు?

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపిన విచారణ ఖైదీని బెయిల్‌పై విడుదల చేయాలి. అంతకు ముందు ఏ కేసులోనూ శిక్ష పడనివారికి మూడో వంతు చాలు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. 2024 జులైకి ముందు నమోదైన కేసులకూ ఇది వర్తిస్తుందని ఆ ఆగస్టు 23న సుప్రీంకోర్టు చెప్పింది. ఒక మెలిక ఉంది: ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగ్‌లో ఉంటే ఈ సెక్షన్ కింద విడుదల దొరకదు. గ్రామం మొత్తం మీద వరసగా కేసులు పెట్టే ప్రాంతాల్లో దీని బరువు ఎవరి మీద పడుతుందో ఊహించవచ్చు.

ఎస్సీలు, ఎస్టీలు, మహిళలు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. జిల్లా న్యాయసేవా ప్రాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు. బెయిల్ వచ్చినా ష్యూరిటీ దొరకకపోతే, 2023 జనవరి 31 నాటి సుప్రీంకోర్టు ఆదేశాన్ని ప్రస్తావిస్తూ, స్థానిక ష్యూరిటీ షరతు సడలించమని అదే కోర్టును అడగవచ్చు.